పునీతుల పండుగలు - అనుదిన పఠనములు

కతోలిక క్రైస్తవుల ఇంటి గోడపై వ్రేలాడు క్యాలెండరును పరిశీలించిన వారికి ఒక విశేషము కనబడును. తేదీ గడిలో రెండు సంగతులు ముద్రింపబడి యుండును. ఒకటి ఆ దినమున స్మరింపదగిన పునీతుని పేరు. రెండవది ఆ దినమున దేవాలయములో చదువవలసిన పవిత్ర గ్రంథ భాగముల అధ్యాయ, వచన సంఖ్యలు. పేరు పెద్ద అక్షరములలో నుండును. సంఖ్యలు చిన్న అక్షరములలో నుండును. పేరును అందరును చూతురు. సంఖ్యలను గురువులు, ఉపదేశులు, మఠకన్యలు, కొలదిమంది భక్తులు మాత్రము చూతురు. ఈ రెండింటికి గల సంబంధమును గూర్చి మా అభిప్రాయమును విద్యార్థుల ముందును, కళాశాల పాలక సంఘ పెద్దల ముందును ఉంచుటయే ఈ వ్యాసోద్దేశము. పండుగ ఫలము, పఠనము వేరు. వేరునకు నీరు పోయుట మాని ఫలమునకు హారతి పట్టు అలవాటు నేడు బలపడుచున్నదని మా భావన. కతోలికుల క్యాలెండరును ఉదాహరణముగా తీసికొన్నను, ఈ మాట అన్ని మతములవారికిని వర్తించును.

ముందుగా పండుగ సంగతి చూతము. పునీతులని తెలుగు కతోలికులు పిలుచు మహనీయుల పండుగలలో అధిక భాగము వారి మరణదినముననే జరుగును. లోకము పుట్టినదినమును జరుపుకొనగా, కతోలిక శ్రీసభ మరణదినమును పరలోకమునకు జన్మదినముగా ఎంచినది. ఈ ఆచారము మిక్కిలి ప్రాచీనము. 2వ శతాబ్దమున స్ముర్న నగర పీఠాధిపతియగు పొలికార్పు వేదసాక్షిగా మరణించినపుడు, అతని అస్థికలను సేకరించిన భక్తులు ఆ దినమును ఏటేట అతని జన్మదినముగా జరుపుకొందుమని వ్రాసి యుంచిరి. క్రీస్తు జననమును మినహాయించినచో, భూలోక జన్మదినము పండుగగా గలవారు ఇద్దరే: జూన్ 24న స్నాపక యోహాను, సెప్టెంబరు 8న మరియమాత. ఉర్దూ తెలిసిన మన పాఠకులకు ఈ భావము క్రొత్తది కాదు. దర్గాలలో వలీల వర్ధంతిని ఉర్సు అని పిలుచుటలో, ఆ మాటకు వివాహోత్సవమని అర్థముండుటలో, ఇట్టి తలంపే కలదు.

ఇక పఠనము. యూదుల ప్రార్థనా మందిరములలో ధర్మశాస్త్రమును, ప్రవక్తల గ్రంథములను భాగములుగా చదువు పద్ధతి నుండి క్రైస్తవులకు ఈ అలవాటు సంక్రమించినది. నజరేతు ప్రార్థనా మందిరమున క్రీస్తు లేచి నిలువబడి యెషయా ప్రవక్త గ్రంథమును చదివినట్లు లూకా సువార్త 4వ అధ్యాయము తెలుపుచున్నది. నేడు అమలులోనున్న ఏర్పాటు ప్రకారము ఆదివార పఠనములు మూడేండ్ల చక్రముగా సాగును. మొదటి యేట మత్తయి, రెండవ యేట మార్కు, మూడవ యేట లూకా సువార్తలు ప్రధానముగా చదువబడును. యోహాను సువార్త ముఖ్యముగా తపస్కాలమునను, పాస్కా కాలమునను వచ్చును. మార్కు సువార్త చిన్నదగుటచే ఆ యేట ఐదు ఆదివారములు యోహాను 6వ అధ్యాయమునకు కేటాయింపబడినవి. మూడుచే శేషము లేకుండ భాగింపబడునది లూకా సంవత్సరము, 2025 అట్టిది. వారదినములలో సువార్త ఏటేట ఒకటే. మొదటి పఠనము మాత్రము సామాన్య కాలమున బేసి సంవత్సరమునకు ఒక వరుస, సరి సంవత్సరమునకు ఒక వరుస. ఈ సంవత్సరము జనవరి 1న మొదలు కాదు. క్రిస్మసుకు ముందు నాలుగవ ఆదివారమున ఆగమన కాలముతో మొదలగును.

రమజాను మాసమున తరావీహు నమాజులలో ఖురాను ముప్పది భాగములను వినుటయు, ఏడు దినములు భాగవత సప్తాహమును వినుటయు ఎరిగిన మన విద్యార్థులకు ఈ పద్ధతిలోని వివేకము బోధపడకపోదు. గ్రంథమును తోచినచోట తెరచి మనసునకు నచ్చిన వాక్యమును ఏరుకొనుట ఒక పద్ధతి. గ్రంథము తన వరుసలో తాను పలుకుచుండగా కూర్చుండి వినుట మరియొక పద్ధతి. రెండవ దానియందు మనకు రుచింపని మాటలును, మనలను మందలించు మాటలును వినక తప్పదు. ఆ తప్పనిసరియే దాని వలన కలుగు మేలు.

పండుగయు, వరుస పఠనమును ఒకే దినమున ఎదురుపడినపుడు దేనికి చోటీయవలెను? ఈ ప్రశ్న కతోలిక శ్రీసభను శతాబ్దముల పాటు వేధించినది. 1570లో 5వ పియూసు పోపు ప్రకటించిన పూజాగ్రంథము దాదాపు నాలుగు వందల యేండ్లు వాడుకలో నుండెను. ఆ కాలమున పునీతుల పండుగలు ఒకదానిపై నొకటి చేరి వారదినములను చాలవరకు ఆక్రమించినవి. ప్రతి పునీతునికిని ప్రత్యేక పఠనములుండవు గదా! వేదసాక్షులకు కొన్ని, పీఠాధిపతులకు కొన్ని, కన్యలకు కొన్ని ఉమ్మడి పఠనములుండెడివి. అందువలన అవే భాగములు మరల మరల చదువబడెను. ఆదివార పూజలలో పూర్వ నిబంధన వినబడుట బహు అరుదు. చదివినదియు లాటిను భాషలో. మన గ్రామములలోని రైతుకూలీకి అది మంత్రధ్వనియే గాని మాట కాదు. పండుగలు పెరిగిన కొలది గ్రంథము చిక్కిపోయెనని చెప్పిన అతిశయోక్తి కాదు.

1962 నుండి 1965 వరకు జరిగిన 2వ వాటికన్ మహాసభ ఈ స్థితిని మార్చినది. 1963 డిసెంబరు 4న ప్రకటింపబడిన దైవార్చన పత్రము పవిత్ర గ్రంథ నిధులను ప్రజలకు మరింత ఉదారముగా తెరచి ఉంచవలెనని ఆదేశించెను. పూజలో ప్రజల భాషలకు చోటిచ్చెను. పునీతుల పండుగలు క్రీస్తు రక్షణకార్యమును స్మరించు పండుగలను మించరాదనియు, పెక్కు పండుగలను ఆయా ప్రాంతములకు, దేశములకు, మఠములకు విడిచిపెట్టవలెననియు అదే పత్రము చెప్పెను. తదనుగుణముగా 6వ పౌలు పోపు 1969 ఫిబ్రవరి 14న క్రొత్త పంచాంగమును ఆమోదించెను. అది 1970 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. క్రొత్త పఠనముల క్రమము 1969 మే 25న వెలువడెను. నాటి నుండి సామాన్య పునీతుల స్మరణదినమున ఆ పునీతుని పేరిట ప్రార్థన జరుగును; పఠనము మాత్రము సాధారణముగా ఆనాటి వరుసలోనిదే కొనసాగును. పునీతుడు వచ్చెనని గ్రంథము లేచి పోవలసిన పని లేదు. పునీతుడే వచ్చి గ్రంథము ముందు కూర్చుండును. ఈ ఏర్పాటులో గొప్ప వినయము కలదని మా నమ్మకము.

ఈ మార్పు నొప్పి లేకుండ జరుగలేదు. ప్రయాణికులు అభిమానించు క్రిస్టోఫరు, గనులలో పనిచేయు శ్రామికులు కొలుచు బార్బరా, ప్రేమికుల దినముగా లోకమెల్ల ఎరిగిన ఫిబ్రవరి 14 నాటి వాలెంటైను విశ్వశ్రీసభ పంచాంగము నుండి తొలగిరి. వీరిని పునీతుల వరుస నుండి త్రోసివేయలేదు. స్థానికముగా వారి స్మరణకు అడ్డు లేదు. అయినను తరతరములుగా ఒక పేరును పిలుచుకొని, బిడ్డలకు ఆ పేరు పెట్టుకొనిన వారికి, ఆ పేరు పంచాంగమున కనబడకపోవుట బాధాకరమే.

ఇచ్చట పండుగల పక్షమున వాదించువారి మాటను గౌరవముతో వినవలెను. చదువు లేని ప్రజలకు పునీతుడే పుస్తకమని వారందురు. ఇందులో సత్యము కలదు. విజయవాడ గుణదల కొండపై ప్రతి ఫిబ్రవరిలోను జరుగు మరియమాత ఉత్సవములకు లక్షలాది జనులు వత్తురు. వారిలో హిందువులును అనేకులు. తలనీలాలిచ్చి కొబ్బరికాయలు కొట్టి మ్రొక్కు తీర్చుకొనువారు కలరు. ఆ పండుగకు ఫిబ్రవరి 11 ముఖ్యదినమగుటకు కారణము, 1858లో ఆ తేదీన ఫ్రాన్సు దేశపు లూర్దులో బెర్నదెత్ అను పదునాలుగేండ్ల బాలికకు తొలి దర్శనము కలిగినదను విశ్వాసము. ఆ బాలిక ఒక పేద పిండిమర వాని కూతురు. నాటికి ఆమెకు చదువను వ్రాయను రాదు. ఆమెయును పునీతురాలాయెను. అట్లయినచో పఠనము లేకున్న పవిత్రత లేదని ఎట్లు చెప్పగలరని అడుగవచ్చును.

ఈ ప్రశ్నకు పునీతుల చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. పఠనమనగా కన్నులతో చదువుట మాత్రమే యని ఎంచరాదు. చెవులతో వినుటయు పఠనమే. జనవరి 17న పండుగ గల ఐగుప్తు దేశపు అంతోని జీవితమును చూడుడు. తలిదండ్రులు మరణించి, చెల్లెలి భారము తనపై పడిన యువకుడతడు. వయస్సు ఇరువది ప్రాంతము. ఒక దినమున దేవాలయమునకు పోగా, ధనవంతుడైన యువకునితో క్రీస్తు ఆస్తి అమ్మి పేదల కిమ్మని పలికిన సువార్త భాగము చదువబడుచుండెను. అది ఆ దినపు పఠనము. అంతోని కొరకు ఎవరును ఏరి పెట్టినది కాదు. అతడు దానిని తనతోనే చెప్పినట్లు విని, పిత్రార్జితమైన భూమిని విడిచిపెట్టెను. అతడు బడిచదువు చదువలేదనియు, చదువగా వినినదానిని హృదయమున నిలుపుకొనెననియు అతని చరిత్ర వ్రాసిన అతనాసియు చెప్పుచున్నాడు. ఎడారి సన్యాసులకు ఆదర్శమైన జీవితము ఒక దినపు పఠనమును శ్రద్ధగా వినుటతో ఆరంభమాయెను.

ఈ గొలుసు అంతటితో తెగలేదు. 386లో మిలాను నగరమున అలంకార శాస్త్రాచార్యుడుగానుండిన అగస్తీను, ఒక మిత్రుని వలన అంతోని కథను విని కలవరపడెను. పిమ్మట తోటలో కూర్చుండి దుఃఖించుచుండగా, తీసికొని చదువుమను పసివాని గొంతు వినిపించినట్లు తన ఆత్మకథలో వ్రాసికొనెను. చేతికందిన పౌలు లేఖను తెరచి రోమీయులకు వ్రాసిన లేఖలోని 13వ అధ్యాయపు మాటలు చదివెను. అతని జీవితము మారెను. ఆగస్టు 28న అతని పండుగ. మరి ఎనిమిది శతాబ్దములకు, ఇటలీ దేశపు అస్సీసి పట్టణమున వర్తకుని కుమారుడగు ఫ్రాన్సిస్, ఒక చిన్న గుడిలో శిష్యులను సంచియు, కర్రయు, రెండవ అంగీయు లేకుండ పంపిన సువార్త భాగమును వినెను. పూజానంతరము గురువును సమీపించి దాని భావమును వివరముగ అడిగి తెలిసికొని, వెంటనే చెప్పులను, కర్రను వదలి వేసెను. అది పునీత మత్తీయ పండుగ దినమని సంప్రదాయము చెప్పుచున్నది. పండుగయు, పఠనమును చేయి చేయి కలిపిన ఆ దినము నుండియే అక్టోబరు 4 నాటి ఫ్రాన్సిస్ పండుగ పుట్టినదనవచ్చును.

మన దేశమున కూడ ఇట్టి ఉదాహరణములున్నవి. తిరువాన్కూరు రాజ్యమున మార్తాండవర్మ కాలమున ఉద్యోగియైన నీలకంఠ పిళ్ళై, ఇంట కలిగిన నష్టములతో కృంగియుండగా, డచ్చి సేనాని డి లనోయ్ అతనికి బైబిలులోని యోబు కథను వినిపించెనని ప్రసిద్ధి. అన్నియు కోల్పోయియు దేవుని విడువని యోబు కథ అతని మనసును పట్టినది. 1745లో బాప్తిస్మము పొంది దేవసహాయమను పేరు ధరించి, 1752 జనవరి 14న వేదసాక్షిగా మరణించెను. 2022 మే 15న ఆయన పునీతునిగా ప్రకటింపబడెను. గురువో, మఠవాసియో కాని సామాన్య గృహస్థులలో ఈ గౌరవము పొందిన తొలి భారతీయుడు ఆయనయే. మన ఇండ్లలో సంక్రాంతి సంబరములు జరుగు దినములలోనే ఆయన స్మరణ వచ్చును. సెప్టెంబరు 5న మరణించిన కలకత్తా మదర్ తెరెసాను 2016లో పునీతురాలిగా ప్రకటించిరి. 2025 ఫిబ్రవరిలో వెలువడిన నిర్ణయముతో ఆమె స్మరణ విశ్వశ్రీసభ పంచాంగమున చేరినది. ఆమె స్థాపించిన సోదరీమణుల ప్రార్థనాలయములలో సిలువ ప్రక్కన, క్రీస్తు దాహము గొనెనని తెలుపు యోహాను సువార్త మాట వ్రాయబడి యుండును. ఆ ఒక్క మాటను ఆమె బ్రతుకెల్ల చదివినది.

కావున పండుగను గౌరవించువాడు ఆ పండుగకు కారణమైన పఠనమును ఉపేక్షింపరాదు. నేడు మన కనులకు కానవచ్చుచున్నది వేరు. పండుగ నాడు విద్యుద్దీపములు, ఫ్లెక్సీలు, మైకులు, తేరు ఊరేగింపులు. మరునాడు తెల్లవారి పూజకు నలుగురు వృద్ధులు. ఏ పునీతునికి లక్షలు వెచ్చించి పండుగ చేసిరో, ఆ పునీతుడెవడు, ఏమి చేసెనని అడిగిన యువకులలో పలువురు నీళ్ళు నమలుదురు. సెల్ ఫోనులో ఉదయముననే ఒక వాక్యము వచ్చును. దాని వెనుక నేమున్నదో, ముందు నేమున్నదో తెలియదు. దానిని పదిమందికి పంపుటతో పఠనము ముగిసినదని తృప్తి పడుదురు.

ఇంతకంటె ఆందోళనకరమైన సంగతి మరొకటి కలదు. మహాసభ ప్రజల భాషకు తలుపు తెరచినది. లాటిను స్థానమున తెలుగు వచ్చినది. కూలి చేసికొని బ్రతుకు కుటుంబపు బిడ్డ కూడ వేదిక నెక్కి యెషయాను, పౌలును గట్టిగా చదువగల భాగ్యము కలిగినది. 2021 జనవరిలో ఫ్రాన్సిస్ పోపు పఠనకర్త పదవిని స్త్రీలకును నియమపూర్వకముగా తెరచెను. తలుపులన్నియు తెరచుకొనిన ఈ కాలమున, చదువవలసిన పిల్లలకే తెలుగు లిపి దూరమగుచున్నది. ఆంగ్ల మాధ్యమమున చదువు బాలబాలికలు తెలుగు పఠనమును ఆంగ్ల అక్షరములలో వ్రాసికొని చదువుట మనము చూచుచున్నాము. ఉర్దూ ఇంటిభాషగా గల విద్యార్థులలోను ఆ లిపిని ధారాళముగా చదువలేనివారు పెరుగుచున్నారు. నాడు భాష తెలియక గ్రంథము దూరమైనది; నేడు భాష తెలిసియు అక్షరము తెలియక గ్రంథము దూరమగుచున్నది. ఇది పాత లాటిను గోడ క్రొత్తరూపున లేచుటయే.

ఈ సందర్భమున ఫిబ్రవరి 14ను మరల తలంచుట యుక్తము. వాలెంటైను తొలగిన ఆ దినమున క్రొత్త పంచాంగము ఎవరిని నిలిపినదో మన విద్యార్థులలో ఎందరికి తెలియును? సిరిలు, మెతోడియసు అను అన్నదమ్ములను. 9వ శతాబ్దమున స్లావు జాతులవారికి వ్రాతలిపి లేకుండగా, వీరు వారి భాషకు అక్షరములు కూర్చి, పవిత్ర గ్రంథ భాగములను ఆ భాషలోనికి తెచ్చిరి. సిరిలు 869 ఫిబ్రవరి 14న రోము నగరమున మరణించెను. గులాబీపూల దినముగా పేరుపడినది నిజమునకు మాతృభాషలో గ్రంథమును వినిపించిన సోదరుల దినము. అట్లే సెప్టెంబరు 30 బైబిలును లాటినులోనికి తెచ్చిన జెరోము పండుగ. నాటి రోములో అది జనుల భాషయే. 2017లో ఐక్యరాజ్యసమితి ఆ దినమును అంతర్జాతీయ అనువాద దినముగా గుర్తించెను. 2019లో అదే తేదీన ఫ్రాన్సిస్ పోపు, ఏటేట సామాన్య కాలపు 3వ ఆదివారమును దైవవాక్య ఆదివారముగా జరుపవలెనని నిర్ణయించెను. పండుగ పఠనమునకు సేవ చేసినపుడు ఎంత శోభిల్లునో చూపుటకు ఇంతకు మించిన నిదర్శనములు వలయునా?

మన కళాశాలలో తెలుగు, ఉర్దూ భాషలు రెండును ఒకే కప్పు క్రింద నివసించుచున్నవి. పలు మతముల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చుండి చదువుచున్నారు. కావున పాలక సంఘ పెద్దలకు మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: సెలవుల పట్టికలో ప్రతి పండుగకు ముందు పనిదినమున, ఉదయ సమావేశమందు ఐదు నిమిషములు, ఆ పండుగ ఎవరి స్మరణయో తెలుపు ఒక భాగమును ఒక విద్యార్థి తెలుగులోనో ఉర్దూలోనో పుస్తకము చూచి గట్టిగా చదువవలెను. రెండవది: గ్రంథాలయమున అన్ని మతముల పవిత్ర గ్రంథములను ఈ రెండు భాషలలో ఒకే అలమారలో అందుబాటున ఉంచవలెను. మూడవది: వక్తృత్వ పోటీలతో పాటు పఠన పోటీ యొకటి ఏటేట జరుపవలెను. వక్తకు తన మాట ముఖ్యము. చదువరికి గ్రంథపు మాట ముఖ్యము. రెండవ విద్య నేడు మనకు అధికముగా కావలయును. వీనికి వ్యయము స్వల్పము.

విద్యార్థులకు మా మనవి ఒక్కటే. ఏ మతమువారైనను, మీరు గౌరవించు గ్రంథమును దినమునకొక పుటయైనను మీ భాషలో, మీ లిపిలో, వరుస తప్పకుండ, పెదవి కదలునట్లు చదువుడు. ఇంట చదువురాని పెద్దలున్నచో వారికి వినబడునట్లు చదువుడు. అంతోని చదివినవాడు కాదు, వినినవాడు. నాడు దేవాలయమున నిలువబడి ఆ భాగమును చదివిన వాని పేరు ఏ పంచాంగమునను లేదు. అయినను అతడు ఆ దినమున తన పని సక్రమముగా చేసెను గనుకనే జనవరి 17 పండుగ దినమాయెను.